సర్కారుకు పాలు పోసే సంఘాలు ఒప్పందంలో చూసుకోవలసినవి

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో గనుల క్యాంటీన్లకు, విద్యుత్ కేంద్రానికి, రైల్వేకు పాలు, పెరుగు సరఫరా చేయడం పెద్ద బేరమే. టెండరు వేయాలని మన సంఘాలకు ఉత్సాహం కలగడం సహజం. కాని హోటలు యజమానితో నోటిమాటపై నడిచినట్లు ఈ వ్యవహారం నడవదు. నష్టం వస్తే అది సభ్యుల బోనసులోనే కోత పడుతుంది.

మొదట, అవతలి పక్షం ఎవరో తెలుసుకోవాలి. మనమందరం 'సర్కారు' అని ఒకే మాట అంటాము. చట్టం అలా చూడదు. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నా అది ప్రత్యేక కంపెనీ, ఎన్.టి.పి.సి. కూడా కంపెనీయే. రైల్వే అలా కాదు, అది కేంద్ర శాఖ. దానితో ఒప్పందం రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి పేరిట, అధికారం గల అధికారి సంతకంతో ఉండాలి. దావాకు ముందు రెండు నెలల నోటీసు కూడా ఇవ్వాలి.

ఇది వట్టి లాంఛనం కాదు. 1943లో ఈస్ట్ ఇండియన్ రైల్వే డివిజనల్ సూపరింటెండెంటు ఇచ్చిన ఆర్డర్లను నమ్మి భిఖ్‌రాజ్ జైపూరియా అనే వర్తకుడు ఆహార ధాన్యాలు సరఫరాకు పూనుకున్నాడు. ఒప్పందం చట్టం చెప్పిన రూపంలో లేదని 1961లో సుప్రీంకోర్టు అతని దావా కొట్టివేసింది. అప్పటి నియమం 1935 చట్టంలోనిది, సారం నేటిదే. పుచ్చుకుని వాడుకున్న సరుకుకు కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను కింద తగిన పరిహారం అడగవచ్చు. అయితే అది కోర్టు చుట్టూ తిరిగి తెచ్చుకునే సొమ్ము.

ఇక ధర. ఈ సంగతి మన పాడివారికి మరీ దగ్గరిది. సైన్యానికి నెయ్యి కొని అందించేందుకు అలోపీ పర్షాద్ సంస్థ 1937లో ఒప్పుకుంది. యుద్ధం వచ్చింది, ఖర్చులు పెరిగాయి. హెచ్చు ప్రతిఫలం కోరితే, పరిస్థితులు మారి భారమైనంత మాత్రాన ఒప్పందం తప్పిపోదని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. మన సంఘం లీటరుకు ఏడాది పొడుగునా ఒకే ధర ఒప్పుకుందనుకోండి. ఎండాకాలం పాలు తగ్గి, పత్తిగింజల చెక్క ధర పెరిగితే రైతుకు హెచ్చు ధర ఇవ్వక తప్పదు, క్యాంటీనేమో పాత ధరే ఇస్తుంది. కనుక ధర సవరణ షరతు ఉన్నదా లేదా అని టెండరు వేయకముందే చూడాలి. లేకపోతే వేసవి ధరను లెక్కలో కలిపే కోట్ చేయాలి. తక్కువ ధరకు టెండరు దక్కించుకుని సంబరపడే కార్యదర్శులు ఇది గమనించగలరు.

ధరావతు సంగతి కొంత ఊరట. సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేయలేకపోయిన మౌలా బక్ష్ కట్టిన రూ. 18,500 ధరావతును ప్రభుత్వం జప్తు చేసుకుంది. బజారులో దొరికే సరుకే గనుక నష్టమెంతో రుజువు చేయవలసిందనీ, చేయలేదు గనుక జప్తు చెల్లదనీ 1969లో తీర్పు వచ్చింది.

బాకీ దావాకు గడువు మూడేళ్లు. బిల్లుకు వ్యవధి ఇచ్చి ఉంటే అది తీరిన నాటినుంచి, లేకపోతే పాలు పోసిన నాటినుంచి లెక్క. "వచ్చే నెల ఇస్తాం" అన్న నోటిమాట గడువును పెంచదు. గడువులోగా రాసి ఇచ్చిన ఒప్పుకోలు పెంచుతుంది. పరిమాణం, వెన్న శాతం, తేదీ రాసి క్యాంటీను మనిషి సంతకం చేసిన చిట్టీ ఏ రోజుకారోజు సంఘానికి చేరాలి. సంతకం లేకుండా ఖాళీ క్యాన్లు తీసుకుని వచ్చేయవద్దని బండి మనిషికి ముందే చెప్పి పంపాలి.