ఏకాంతం అలక కాదు



రోలుగుంట, చోడవరం ప్రాంతపు పల్లెలలో ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ముందు అరుగు, లోపల ఒకటి రెండు గదులు, వెనుక వంటిల్లు, పెరడు. వీధి తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. ఇరుగుపొరుగువారు పిలవకుండానే లోపలికి వస్తారు. పట్టపగలు ఎవరైనా తలుపు వేసుకుంటే "ఏమైంది?" అని వీధంతా అడుగుతుంది. ఇది మన ఆప్యాయతకు గుర్తు. దీనిని తక్కువ చేయనవసరం లేదు.

అయితే ఆటిజం ఉన్న బిడ్డకు ఈ ఆప్యాయతే ఒక్కొక్కసారి మోయలేని బరువు అవుతుంది. చుట్టాలు రాగానే మంచం కిందకు దూరే పిల్లవాడు, తీర్థంలో మైకు మోగగానే చెవులు మూసుకుని పరుగెత్తే పాప, పెళ్లి భోజనాల వేళ పాక వెనుకకు పోయి ఒక్కడే కూర్చునే యువకుడు - ఇటువంటివారిని చూసి మనం "పొగరు" అంటాం, "మొండి" అంటాం, చివరకు "తల్లి పెంపకం" అంటాం. ఈ మాటలు ఎంతవరకు న్యాయమో ఈ వారం ఆలోచిద్దాం.

ఆటిజం అంటే ఏమిటి?

ఆటిజం అంటువ్యాధి కాదు, గాలి సోకడం కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదిగే తీరులోనే చిన్ననాటి నుండి ఉండే భేదం. మాట్లాడడంలో, నలుగురితో కలసి మెలగడంలో తేడా కనబడుతుంది. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయడం, అలవాటు మారితే కలవరపడడం ఉంటుంది. కొందరికి మాటలే రావు. కొందరు చక్కగా చదువుకుని ఉద్యోగాలు చేస్తారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథపు ఐదవ కూర్పులో మరొక లక్షణాన్ని చేర్చింది. శబ్దం, వెలుగు, స్పర్శ, వాసన వంటి వాటికి అతిగానో, మరీ తక్కువగానో స్పందించడమే అది. మనం పట్టించుకోని కుక్కరు కూత, ట్యూబులైటు మినుకు, బుగ్గ గిల్లిన చేయి అటువంటి బిడ్డకు దెబ్బతో సమానం కావచ్చు.

తల్లులపై పడిన నింద

ఆటిజం అనే మాటకు మూలం గ్రీకు భాషలో "తాను" అనే అర్థమిచ్చే పదం. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి వ్యాసం రాసినప్పుడు, వారి ఒంటరితనాన్నే ముఖ్య లక్షణంగా చెప్పాడు. బిడ్డ ఒంటరిగా ఉంటున్నాడంటే తల్లిలో ప్రేమ లేదన్న అభిప్రాయం తరువాత బయలుదేరింది. 1967లో బ్రూనో బెటిల్‌హైమ్ రాసిన పుస్తకం దానికి మరింత ప్రచారం కల్పించింది. ఆటిజం ఉన్న కుమారునికి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఈ అభిప్రాయాన్ని ఖండిస్తూ గ్రంథం రాశాడు. నేటి వైద్యశాస్త్రం ఆ నిందను పూర్తిగా తోసివేసింది. కాని మన వీధులలో అది ఇంకా వినబడుతూనే ఉంది. ఏకాంతాన్ని తప్పుగా చదివినందుకు ఎందరు తల్లులు కన్నీరు కార్చారో!

అసలు సంగతి ఏమిటో ఆటిజం ఉన్నవారే చెప్పగలరు. 1947లో జన్మించిన టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికా వనిత చిన్నప్పుడు ఎవరైనా కౌగిలించుకుంటే తట్టుకోలేకపోయేది. అలాగని ఆమెకు కౌగిలి అక్కరలేదని కాదు. పిన్నిగారి పశుక్షేత్రంలో, మందు వేసేటప్పుడు పశువులను ఇరువైపుల నుండి అదిమి పట్టే చట్రాన్ని చూసింది. అందులో పశువులు నెమ్మదించడం గమనించి, అటువంటిదే తన కోసం చేసుకుంది. ఎంత ఒత్తిడి కావాలో, ఎప్పుడు చాలో తన చేతిలోనే ఉండేది. ఆమె తరువాత పశుశాస్త్ర ఆచార్యురాలైంది. ప్రేమ అక్కరలేక కాదు, దాని కొలత తన చేతిలో లేకనే ఆమె దూరంగా జరిగిందని మనం గ్రహించాలి.

మన ప్రాంతంలో బెల్లం వండేవారు పాకం పొంగుకు వస్తే పెనాన్ని కొట్టరు, కింద మంట తగ్గిస్తారు. ఆటిజం ఉన్న బిడ్డకు ఏకాంతం అటువంటిది. మనసు పొంగిపోకుండా తనంతట తాను మంట తగ్గించుకోవడమే అది.

ఏకాంతం వేరు, నిర్బంధం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. "వాడికి ఒంటరిగా ఉండడమే ఇష్టం" అనే మాట సాకుగా చేసుకుని, చుట్టాలు వచ్చినప్పుడు బిడ్డను గదిలో పెట్టి గొళ్లెం వేయడం ఏకాంతం కాదు. తలుపు తెరిచే వీలు లోపలివారి చేతిలో ఉంటే ఏకాంతం, బయటివారి చేతిలోనే ఉంటే చెర. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేయబడిన మనోరోగులు కదలలేక మరణించారు. వారి జబ్బు వేరు కావచ్చు. కాని కట్టివేత ఎక్కడికి దారి తీస్తుందో మరువరాదు.

మూర్ఛలు వచ్చే బిడ్డ, బావి వైపు చెరువు వైపు పరుగెత్తే బిడ్డ కనుచూపు దాటకూడదు. అటువంటివారికి తలుపు బదులు తెర చాలు. కలివిడిగా ఉండే బిడ్డ హఠాత్తుగా దూరంగా జరిగితే, పంటినొప్పో చెవిపోటో ఉందేమో, ఎవరైనా బాధిస్తున్నారేమో విచారించాలి. అది ఏకాంతమని వదిలివేయకూడదు.

దేహానికి మర్యాద

ఎదిగిన బిడ్డకు తల్లి స్నానం చేయించవలసి రావచ్చు. అయినా పెరట్లో నలుగురి ఎదుట చేయించకూడదు. తలుపు వేసుకోవడం, బట్టలు మార్చుకునే చోటు, ఎవరు తాకవచ్చు ఎవరు తాకకూడదు అనేవి నేర్పాలి. సిగ్గు నేర్పని బిడ్డను దుర్మార్గులు సులువుగా లోబరచుకుంటారు. బిడ్డ వింటుండగా అతని లోపాలను చుట్టాలకు వర్ణించడం, ఏడుస్తుండగా సెల్‌ఫోనులో చిత్రం తీసి నలుగురికి పంపడం కూడా మర్యాద కాదు. మాట రానివానికి వినికిడి లేదనుకోకండి.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, హక్కు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 22వ అధికరణం వారి వ్యక్తిగత గోప్యతను కాపాడుతుంది. మన దేశం 2007లో దానిని ఆమోదించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ హక్కు మాట రాని బిడ్డకూ ఉంది.

సువార్త చూపే దారి

మార్కు సువార్త 7వ అధ్యాయం తెరవండి. చెవిటివాడు, నత్తివాడు అయిన ఒకనిని క్రీస్తు ప్రభువు వద్దకు తీసుకువస్తారు. ప్రభువు మొదట అతనిని జనసమూహం నుండి ప్రక్కకు తీసుకుపోతాడు. స్వస్థత ఆ తరువాతనే. 2014 నవంబరులో వాటికన్‌లో ఆటిజంపై సమావేశం జరిగినప్పుడు ఫ్రాన్సిస్ పోపుగారు, ఈ కుటుంబాల వెలివేతను ఛేదించాలని కోరారు. ఈ రెండింటికీ విరోధం లేదు. వెలివేత మనం చేసేది, ఏకాంతం వారు కోరుకునేది.

మనం చేయదగినవి

1. ఇంట్లో ఒక మూల బిడ్డకు కేటాయించండి. గది లేకపోతే మంచానికి పాత చీర తెర కట్టినా చాలు. అక్కడ ఉన్నప్పుడు పిలవవద్దు, తిట్టవద్దు.

2. బడి నుండి రాగానే కొంతసేపు ప్రశ్నలు వేయకండి.

3. ఆటిజం ఉన్న పెద్దలు అమెరికాలో తమ సమావేశాలలో రంగుల బిళ్లలు ధరించే పద్ధతి పెట్టుకున్నారు. ఎరుపు ఉంటే పలకరించవద్దని, పసుపు ఉంటే తెలిసినవారే రావచ్చని, ఆకుపచ్చ ఉంటే ఎవరైనా మాట్లాడవచ్చని గుర్తు. మాట రాని బిడ్డకు రంగు గుడ్డముక్కలతో ఇది నేర్పవచ్చు.

4. ముద్దు చేయబోయే ముందు బిడ్డను అడగండి. వెనక్కు జరిగితే నొచ్చుకోకండి.

5. గుడిలో స్పీకరుకు దూరంగా, తలుపు దగ్గర వారికి చోటు విడవండి. పూజ నడుమ బయటకు వెళ్లి వస్తే వెనుదిరిగి చూడకండి.

6. తల్లికి కూడా ఏకాంతం కావాలి. వారానికి ఒక గంట ఆ బిడ్డ వద్ద కూర్చుంటానని పక్కింటివారు చెబితే, అది గొప్ప పరోపకారం.

ఈ వారం రాత్రి ప్రార్థన ముగిశాక మీ ఇంట్లో ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి. మన ఇంట్లో ఎవరైనా కాసేపు ఒంటరిగా కూర్చోవాలంటే చోటు ఉన్నదా? మన వీధిలో ఆ చోటు లేక మంచం కింద దాక్కుంటున్న బిడ్డ ఎవరైనా ఉన్నారా?