సొట్ట పడింది కారుకే!

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర వెనక కారు వచ్చి మీ బంపర్‌కి తగిలింది. లేదా మీరే బ్రేకు ఓ క్షణం ఆలస్యంగా తొక్కి ముందు బండిని గుద్దారు. వెంటనే చాలామంది చేసే పని ఒకటే. తలుపు విసురుగా తీసి, "కళ్లు కనబడట్లేదా?" అంటూ దిగడం. వెనక హారన్లు మోగుతుంటాయి. పదిమంది పోగవుతారు. అందులో ఒకాయన పెద్దమనిషి అవతారమెత్తి, "ఎంతో కొంత ఇచ్చి తేల్చెయ్యండి సార్, ట్రాఫిక్ ఆగిపోయింది" అంటాడు. చివరికి తప్పు ఎవరిదో ఎవరికీ పట్టదు, పెద్ద గొంతున్నవాడి చేతికి డబ్బు వెళుతుంది.

అందుకే చెబుతున్నాను. రోడ్డు మీద వివరాలు మాత్రం తీసుకోండి. డబ్బు సంగతి ఇంటికెళ్లి, మంచినీళ్లు తాగి, పాలసీ కాగితం ముందు పెట్టుకుని తేల్చండి.

దిగగానే బంపర్ వైపు కాదు, మనుషుల వైపు చూడండి. "మీకేమైనా దెబ్బ తగిలిందా?" అని అడగండి. అరవడానికి సిద్ధంగా ఉన్నవాడు కూడా ఆ ప్రశ్నకి కొంచెం తగ్గుతాడు. ఒకవేళ దెబ్బ తగిలి ఉంటే, అది ఎంత చిన్నదనిపించినా, రాజీ మాట ఎత్తనే ఎత్తకండి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయడం, బీమా కంపెనీకి సమాచారం ఇవ్వడం డ్రైవర్ బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. స్కూటర్ మీంచి పడ్డాయన "ఏం కాలేదులే" అని దులుపుకుని వెళ్లిపోవచ్చు. రాత్రికి మోకాలు వాస్తుంది. తలకి తగిలిన దెబ్బ ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడదు. ఆయన జేబులో మీరు పెట్టిన రెండు వేలు ఆయన వైద్యానికీ చాలవు, రేపు కేసు వస్తే మిమ్మల్నీ కాపాడవు. థర్డ్ పార్టీ బీమాని చట్టం తప్పనిసరి చేసింది ఇలాంటి రోజు కోసమే.

ఎవరికీ ఏమీ కాలేదు, పోయింది రేకూ ప్లాస్టిక్కూ మాత్రమే అనుకోండి. అప్పుడు లెక్క వేసుకోవాలి. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా, క్లెయిమ్ చేసేద్దాం" అనేవాళ్లలో ఎక్కువమంది ఈ లెక్క వేయరు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మీ ప్రీమియంలో సొంత కారు నష్టానికి కట్టే భాగం పదివేలు అనుకుందాం. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపారు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం వచ్చింది, ఐదు వేలే కడుతున్నారు. ఈ ఏడాది ఒక్క క్లెయిమ్ వేస్తే ఆ బోనస్ సున్నాకి పడిపోతుంది. మళ్లీ 20, 25, 35, 45 శాతాల మెట్లెక్కి 50కి రావాలి. అంటే వచ్చే ఏడాది ఐదు వేలు అదనం, ఆపై వరసగా మూడు వేలు, రెండున్నర వేలు, పదిహేను వందలు, ఐదు వందలు. మొత్తం 12,500. ప్రీమియం ఏటా కొంత మారుతుంది కాబట్టి అంకె అటూ ఇటూ కావచ్చు గానీ, దెబ్బ మాత్రం తప్పదు. ఇది చాలదన్నట్టు, 1500 సీసీ లోపు కారైతే ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి రూపాయలు మీరే భరించాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల ధరకి సగమే ఇస్తారు, బంపర్ ప్లాస్టిక్కే. జీరో డెప్ అనే అదనపు రక్షణ ఉంటే ఈ కోత పోతుంది. బోనస్ మాత్రం పోకుండా ఆగదు, దాన్ని కాపాడే రక్షణ విడిగా తీసుకుని ఉంటే తప్ప.

ఇప్పుడు చెప్పండి, ఆరువేల డెంటింగ్, పెయింటింగ్‌కి క్లెయిమ్ వేయడం తెలివైన పనేనా? ఈ కారు విషయంలో పది, పన్నెండు వేల లోపు రిపేరుకి సొంత జేబే మేలు. బోనస్ ఇంకా లేనివాళ్లకి లెక్క వేరు. పైకి గీతలా కనిపించినా లోపల హెడ్‌లైట్ క్లిప్పులు, రేడియేటర్ దెబ్బతిని ఉండొచ్చు కాబట్టి అదే రోజు షెడ్డులో చూపించి ఎస్టిమేట్ రాయించుకోండి. పెద్ద మొత్తం అయితే వెంటనే కంపెనీకి చెప్పండి. వాళ్లు చూడకముందే బాగు చేయిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తానని మాటివ్వకూడదు అని పాలసీ షరతుల్లో ఉంటుంది. కాబట్టి రెండు పడవల మీద కాళ్లు వద్దు. బీమాకి వెళ్లదలిస్తే రోడ్డు మీద హామీలివ్వకండి. ఎదుటివారికి మీ లైసెన్సు, పాలసీ చూపించి ఫొటో తీసుకోనివ్వండి, మీరూ తీసుకోండి. "సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను" అని చెప్పండి, ఏడింటికి చెయ్యండి. గుంపు మీద పడితే 112కి ఫోన్ కొట్టండి. రాజీయే మేలని తేలాక బిల్లు చూసి యూపీఐలో కట్టండి. బండి నంబర్లు, తేదీ, చోటు, ఇచ్చిన మొత్తం, ఇక బాకీ లేదన్న మాట ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చెయ్యండి. చేతికిచ్చిన నోట్లకి సాక్ష్యం ఉండదు.

తగిలింది ఫుడ్ డెలివరీ కుర్రాడి బండి అయితే? తప్పు అతనిదే కావచ్చు, డబ్బు అడిగే హక్కు మీకుంది. కానీ అతను ఇవ్వలేకపోయినా మీ కారు నష్టానికి మీ పాలసీ ఉంది. అతని బండి తాళం లాక్కోవడానికి మాత్రం మీకు ఏ హక్కూ లేదు. ఆ పూట సంపాదన పోయిందని అప్పటికే బిక్కచచ్చి నిలబడ్డవాణ్ణి నలుగురిలో తిట్టి సాధించేదేముంది?

ఇక షెడ్డులో మన నిజాయతీకి పరీక్ష మొదలవుతుంది. కొడుకు లైసెన్సు లేకుండా నడిపితే "నేనే నడిపాను" అని రాసిచ్చే తండ్రులున్నారు. అది అబద్ధపు క్లెయిమ్, దాన్ని కళ్లారా చూసేది ఆ కొడుకే. అంతకంటే మామూలుగా జరిగేది ఇంకొకటి. మేస్త్రీ కారు చుట్టూ తిరిగి, పోయిన దసరాకి గేటుకి రాసుకున్న పాత సొట్ట మీద చెయ్యి వేసి, "ఇది కూడా ఇందులోనే కలిపేద్దాం సార్, ఎవరు చూస్తారు?" అంటాడు. "వద్దు, దానికి వేరే బిల్లు రాయండి" అనండి. రెండు, మూడు వేలు అవుతుంది. కట్టెయ్యండి.