పెన్న ఒడ్డు పిల్లల ఎండాకాలం సెలవులు: చేయవలసినవి, చేయకూడనివి

2025లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24న సెలవులు మొదలై జూన్ 11తో ముగిశాయి. మొత్తం 49 రోజులు. ఏటా కొన్ని రోజులు అటూ ఇటూగా ఉంటాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకు ఇందులో చాలా రోజులు 42, 43 డిగ్రీల ఎండలోనే గడుస్తాయి. అంగట్లో కూర్చునే నాయనకు, మగ్గం మీద ఉండే అమ్మకు, చీనీ తోటకు నీళ్లు కట్టే తాతకు సెలవులుండవు. అందుకే ఇంట్లో ఫోను చేతికిచ్చి తలుపేసి పోవడమో, పొద్దుగూకేసరికి ఇల్లు చేరమని వదిలేయడమో జరుగుతుంది.

నీళ్లలో పడి పోయిన పిల్లల వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా అందులో ఒక మాట దాదాపు తప్పకుండా ఉంటుంది: "స్నేహితులతో కలిసి ఈతకు వెళ్లి". చేయడానికి ఏమీ తోచని మధ్యాహ్నమే వాళ్లను అక్కడికి తీసుకుపోతుంది. ఒక పుస్తకమో, ఆటో, కథో ఆ వేళకు చేతికందితే బిడ్డ ఇంటిపట్టున ఉంటాడు. పిల్లల చదువును, పిల్లల ప్రాణాన్ని ఈ వ్యాసంలో కలిపి రాయడానికి కారణం అదే.

నీళ్ల దగ్గర

ఎండాకాలం పెన్నలో ఇసుకే కనిపిస్తుంది కాబట్టి భయం లేదనుకుంటాం. ఇసుక తోడిన చోట గుంతలు పడి, వాటిలో నీళ్లు నిలిచి ఉంటాయి. మోకాటిలోతని దిగిన మడుగులో రెండడుగులు వేస్తే నేల అందదు. అంచున ఉన్న ఇసుక కాలికింద జారిపోతుంది. పైన గండికోట, మైలవరం జలాశయాలున్నాయి. నీళ్లు వదిలితే కింద జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు ఏరు పెరుగుతుంది. ఆ సంగతి ఏట్లో ఆడుకునే పిల్లోళ్లకు ఎవరు చెబుతారు?

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, ముద్దనూరు చుట్టుపక్కల నాపరాయి తీసి వదిలేసిన గనులు మరీ మోసం. ఏటి ఒడ్డులాగా వాలుగా దిగవు, గోడ కోసినట్టు నిటారుగా ఉంటాయి. మొదటి అడుగే నిలువు లోతు. పట్టుకోవడానికి చెట్టూ చేమా ఉండదు. పులివెందుల వైపు చీనీ, అరటి తోటల్లో ఫారంపాండ్లకు ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. తడిసిన పట్టా మీద పెద్దవాళ్లకే కాలు నిలవదు, పిల్లలు ఎంత పాకినా మళ్లీ నీళ్లలోకే జారుతారు. కుంట ఉన్న రైతులు దయచేసి చుట్టూ కంచె వేయండి. నాలుగు వైపులా ముళ్లు వేసిన మోకులు నీళ్లలోకి దిగవిడిచి, గట్టున గుంజలకు కట్టండి. ఖర్చు తక్కువ, ఒక్క పూట పని.

ఈత నేర్పడం మాత్రం మానకండి. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని పారే సీమలో పుట్టిన బిడ్డను బతుకంతా నీళ్లకు దూరంగా ఉంచలేం. మన పెద్దోళ్లు బెండ్లు కట్టి, నడుముకు తాడు వేసి, దగ్గరుండి నేర్పేవాళ్లు. ఇప్పటికీ అదే సరైన పద్ధతి. నేర్పే మనిషి నీళ్లలో ఉండాలి, గట్టు మీద ఇంకొకరు కనిపెట్టుకుని ఉండాలి.

పన్నెండేళ్ల అక్కకు తమ్ముణ్ని అప్పగించి ఏటికి పంపకండి. ఒకడు మునుగుతుంటే కాపాడబోయి ఇంకొకడు, వాడి చెయ్యి పట్టుకోబోయి మూడోవాడు పోయిన ఇళ్లున్నాయి. "దూకొద్దు, అరువు, అందేది విసురు" అని పిల్లలకు ఇంట్లోనే చెప్పి, ఒకసారి చేయించి చూపండి. చీర, పంచె, తాడు, మూత బిగించిన ఖాళీ క్యాను ఏదైనా పనికొస్తుంది. బయటికి తీసిన బిడ్డను తలకిందులు చేసి తిప్పడం, కడుపు నొక్కడం చేయకండి. దానివల్ల మేలు లేకపోగా విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఇస్తూ, రొమ్ము మధ్య నొక్కుతూ ఉండండి. పక్కనున్నవాళ్లు 108కి ఫోను చేయాలి.

గండికోటకు పిల్లలను తప్పకుండా తీసుకుపోండి. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన ఆ గండి చూస్తే భూగోళం పాఠం వేరే చెప్పాల్సిన పనిలేదు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ వచ్చి చూసిన కోట అది. తెల్లారగానే పోయి ఎండ ముదరకముందే తిరిగి రండి. లోయ అంచున గోడ ఉండదు. అక్కడ బిడ్డ చెయ్యి వదలకండి, ఫోటో కోసం బండల అంచుకు పంపకండి. పార్నపల్లె దగ్గర చిత్రావతి జలాశయమైనా, పాపాఘ్ని ఒడ్డున గండి ఆంజనేయస్వామి గుడైనా జాగ్రత్త ఇదే.

ఎండ, తిండి, చీకటి

పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్లలు నీడలో ఉండాలి. 2015 ఎండలకు ఒక్క మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. మజ్జిగ, రాగి అంబలి, నన్నారి షర్బత్తు, తాటి ముంజలు మన ఊళ్లలో దొరికేవే. దప్పిక అయ్యేదాకా ఆగకుండా గంటకోసారి తాగించండి.

వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఓఆర్ఎస్ ఇవ్వండి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచానే, ఉప్పు ఎక్కువ కాకూడదు. ఓఆర్ఎస్ పేరు తగిలించి అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాలు మందు కావు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ఒళ్లు కాలిపోతూ బిడ్డ తలాతోకా లేకుండా మాట్లాడుతున్నా, మగతగా ఉన్నా వడదెబ్బే. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిబట్టతో తుడుస్తూ, మెడ దగ్గర, చంకల్లో తడిబట్ట పెట్టి, గాలి తగలనిస్తూ ఆసుపత్రికి తీసుకుపోండి. స్పృహ లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకండి. "రెండు నిమిషాల్లో వస్తా" అని బిడ్డను కారులో వదిలి అంగడికి పోకండి.

నాపరాళ్ల వాముల్లో, కట్టెల మోపుల్లో తేళ్లు, పాములు చల్లదనానికి చేరతాయి. చీకటి పడ్డాక టార్చి లేకుండా పిల్లలను దొడ్డికి పంపకండి. కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కదలనివ్వకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. పురుగుమందును కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం చాలా ఇళ్లలో చూస్తున్నాం. ఆ అలవాటు ఈ రోజే మానండి.

బండి తాళాలు, ఫోన్లు, ఇంకో రెండు మాటలు

పదో తరగతి పరీక్షలయ్యాయని పిల్లోడికి బండి తాళాలివ్వకండి. 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పిల్లలు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు, బండి యజమానికి రూ.25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది.

ఐపీఎల్ ఆటలు మన సెలవుల్లోనే వస్తాయి. క్రికెట్టు పందేలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. వాటిలో చితికిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఒకటో రెండో తెలుసు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. మీ బ్యాంకు ఖాతాకు ముడిపడిన ఫోను పిల్లల చేతికివ్వకండి. రెండేళ్లలోపు బిడ్డకు తెర అసలే వద్దు. ఐదేళ్లలోపు బిడ్డకు రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోను పెట్టే అలవాటును ఈ ఏడు వారాల్లో మాన్పించవచ్చు.

సెలవులే కదా అని పద్దెనిమిదేళ్లలోపు బిడ్డను పాలిష్ ఫ్యాక్టరీలోనో, గనిలోనో కూలికి పెట్టకండి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. పదో తరగతి రాసిన ఆడబిడ్డకు ఈ ముహూర్తాల్లోనే పెళ్లి చేసేద్దామనే మాట మీ ఇంట్లో వినబడినా, పక్కింట్లో వినబడినా ఊరుకోకండి. 1098కి ఫోను చేయండి. పద్దెనిమిదేళ్లు నిండందే ఆ పెళ్లి చట్టానికి విరుద్ధం. ఆ బిడ్డ జూన్‌లో కాలేజీలో చేరాలి.

పుస్తకం చేతికిచ్చే పద్ధతి

ఇంగ్లీషు మీడియంలో ఆరో తరగతి చదివే పిల్లలు తెలుగు పేపరు ముందు పెడితే ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారు. తప్పు వాళ్లది కాదు. బడి రోజుల్లో తెలుగు చదివే తీరిక వాళ్లకు మిగలడం లేదు. ఈ 49 రోజులు ఆ పనికి చాలు.

మన ఇళ్లలో నేలంతా నల్లటి నాపరాయే. ఎండాకాలం ఇంతకన్నా చల్లని చోటు లేదు, ఇంతకన్నా పెద్ద పలక లేదు. ఒక సుద్దముక్క ఇచ్చి మధ్యాహ్నం పూట బండల మీద రాసుకోనివ్వండి. గుణింతమే రాయాలని పట్టుబట్టకండి. ఇంట్లోవాళ్ల పేర్లు, బస్సు బోర్డుల మీది ఊళ్లు, క్రికెటర్ల పేర్లు ఏవైనా రాయనివ్వండి. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్త పలక.

రోజూ ఇరవై నిమిషాలు మీరే పైకి చదివి వినిపించండి. చదవడం రాని అమ్మ అయితే బిడ్డ చదువుతుంటే వినండి, విన్నా చాలు. కథ అయ్యాక "నీతి ఏమిటి?" అని అడగకండి. పుస్తకం నచ్చకపోతే మధ్యలో వదిలే హక్కు బిడ్డకు ఉండాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల్లో చాలా ఉన్నాయి. ఆ పిల్లలు ఉర్దూ కథా చదవాలి, తెలుగు కథా చదవాలి.

కొనగలిగినవాళ్లకు "మంచి పుస్తకం" వాళ్ల పిల్లల పుస్తకాలు, "చెకుముకి" సైన్సు పత్రిక ఉన్నాయి. ఫోను ఇవ్వక తప్పదనుకుంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల "స్టోరీవీవర్"లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, మీరు పక్కన కూర్చుని చదివించండి.

మన పిల్లలకు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. పూర్తిగా తెలుగులో రాసిన శాసనాల్లో మనకు తెలిసిన మొదటిది ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో దొరికింది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలం, క్రీ.శ. 575. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందంటే ఇలాంటి రాళ్ల మీది సాక్ష్యం కూడా అందుకు బలం. సీపీ బ్రౌన్ 1820లో కడపకు వచ్చి తెలుగును లోతుగా నేర్చుకున్నాడు, మరుసటేడే అక్కడ ఉచిత బడులు పెట్టాడు. ఆయన పేరుతో కడపలో ఉన్న గ్రంథాలయానికి ఒక రోజు బస్సులో తీసుకుపోండి. పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం రాసింది ప్రొద్దుటూరులో ఉండగానే. తాను నడిచే వీధుల్లోనే అంత కవి నడిచాడని తెలిస్తే బిడ్డ ఆ పుస్తకాన్ని వేరేగా చూస్తాడు.

లెక్కలకు పుస్తకం అక్కర్లేదు. కాసు బంగారం 8 గ్రాములైతే మూడు కాసులు ఎంత, ఈ రోజు ధరకు ఎంతవుతుంది? ప్రొద్దుటూరు పిల్లలకు ఇంతకన్నా దగ్గరి లెక్క లేదు. పులి-మేక, అచ్చనగండ్లు, బారాకట్ట ఎలా ఆడాలో జేజిని అడిగి నేర్చుకోమనండి. ఎత్తుకు పైఎత్తు ఆలోచించడం పులి-మేకలో వచ్చినంత బాగా ట్యూషన్‌లో రాదు. వచ్చే తరగతి పాఠాలు ఇప్పుడే రుద్దే తరగతులకు రోజంతా పంపకండి. బిడ్డకు విసుగు పుట్టించడానికి డబ్బు కట్టడమే అది.

రాత్రి మిద్దె మీద పడుకుంటారు కదా, పిట్టగోడ లేని మిద్దె అయితే పిల్లలను మధ్యలో పడుకోబెట్టండి, మెట్ల వైపు పెద్దవాళ్లు పడుకోండి. అక్కడ అవ్వ చెప్పే కథకు దీపం కూడా అక్కర్లేదు. ఆ కథను మరునాడు బండ మీద రాయమంటే బిడ్డ మొదటి రచన అదే అవుతుంది.

మీ ఊరి శాఖా గ్రంథాలయానికి మీరు ఎప్పుడో డబ్బు కట్టేశారు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. సెలవుల్లో గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు, బొమ్మలు గీయడం, ఆటలు ఉంటాయి. శుక్రవారం సెలవు. ఈ వారంలోనే ఒక రోజు చల్లపొద్దున బిడ్డను వెంటబెట్టుకుని వెళ్లి, వాడి పేరుతో సభ్యత్వం తీసుకోండి. పుస్తకం మాత్రం వాడినే ఎంచుకోనివ్వండి.