మందుచీటీయు మనుష్యుఁడును

చిరంజీవియగు మేనల్లునకు రామగిరి నుండి మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గోదావరిఖని ఆసుపత్రి మందుల గదిలో నీవు ఉద్యోగమున ప్రవేశించితివని మీ అమ్మ ఫోనులో చెప్పఁగా మిక్కిలి సంతోషించితిని. నేనును ఆ వృత్తిలోనే తల నెరసినవాఁడను గావున కొన్ని మాటలు వ్రాయుచున్నాను. తీరిక చూచుకొని చదువుము.

కిటికీ కవతల వరుస పెరుగుచుండఁగా, చీటీలోని మాత్రలు లెక్కించి కవరులో వేసి యిచ్చుటయే మన పని యని ఎవరికైనను తోఁచును. వైద్యుఁడు రోగమును చూచి మందు వ్రాయును. కాని ఆ మందు ఆ మనుష్యుని దినచర్యతోను, అతఁడు మ్రింగుచున్న తక్కిన మందులతోను పొసఁగునా యని చూడఁగల కడపటి కన్ను మనదే.

మన బొగ్గుబావుల సీమలో ఈ విచారణ మఱింత యవసరము. బావిలో పని చేయువానికి ఒక వారము ఫస్ట్ షిఫ్టు, ఒక వారము సెకండ్ షిఫ్టు, మఱియొక వారము నైట్ షిఫ్టు. మధుమేహమునకు వ్రాయు గ్లిమిపిరైడ్ మాత్ర ‘ఉదయము టిఫినుకు ముందు’ అని చీటీలో నుండును. నైట్ షిఫ్టు దిగి వచ్చి, చీటీ చెప్పినట్లే మాత్ర వేసికొని, ఆఁకలి కంటె నిద్రయే బలవత్తరమై ఏమియుఁ దినక పండుకొన్నవానికి రక్తములోని చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. ఇంటివారు మాత్రము అలసి నిద్రించుచున్నాఁడని తలుపు దగ్గఱగా వేసి పోవుదురు. కావున మధుమేహపు చీటీ చేతికి రాఁగానే ‘ఈ వారము ఏ షిఫ్టు?’ అని యడుగుము. వేళ మార్చవలసి యున్నచో నీవై మార్చక వైద్యునకు ఫోను చేయుము. ఎంత పెద్ద డాక్టరైనను సరే, సంకోచింపకుము.

నడుమునొప్పులు మనవారికి కొత్త కాదు. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేసికొని, ఆ సంగతి ఆసుపత్రిలో చెప్పరు. రక్తపోటునకు ఎనలాప్రిల్, దానితో మూత్రము జారీ చేయు మాత్ర, వీనిపై ఈ నొప్పిమాత్ర చేరి, బావిలోని యుక్కకు ఒంటి నీరు చెమటయై పోయినప్పుడు మూత్రపిండములు దెబ్బ తినును. నాటుమందుల మాటయు నట్లే. మా రామగిరి గుట్ట ఓషధులకుఁ బేరు పడినది గదా! ఏ వేరు తినుచున్నావని నవ్వక యడుగుము. నవ్వితివా, మఱెన్నఁడును చెప్పఁడు.

మెథోట్రెక్సేట్ విషయమున ప్రత్యేకముగా హెచ్చరించుచున్నాను. భీమవరమునఁ బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు నాయకత్వము వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940వ దశకమున వెలసిన యౌషధమది. కీళ్లవాతమునకు దానిని వారమునకు ఒక్కమారే యిత్తురు. దినదినమును మ్రింగినచో ఎముకమజ్జ క్షీణించి ప్రాణము పోవచ్చును. అట్లు పోయినవారు లోకమున పెక్కుమంది కలరు. తోడుగా వ్రాయు ఫోలిక్ ఆమ్లపు మాత్రయు తఱచుగా పసుపురంగుదే యగుటచే పొరపాటు సులభము. కవరు మీఁద ‘ఆదివారము మాత్రమే’ అని యిట్లు వారము పేరు తెలుఁగున పెద్ద యక్షరములతో వ్రాసి, ఏ దినమున వేసికొందువో వానిచేతనే మరల చెప్పించుము. చదువు రానివాఁడైనచో ఇంటివారిని పిలిపింపుము.

మందు వికటించినట్లు తోఁచినచో వైద్యునకు చెప్పి యూరకుండక, 2010లో మొదలైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమమునకు 1800-180-3024 నంబరున తెలుపుము. రోగియు స్వయముగా తెలుపవచ్చును.

ఇఁక నొక కోరిక. బావగారు రిటైరైన పిమ్మట ఎవరెవరో వ్రాసిన మాత్రలన్నియు ఒకే డబ్బాలో వేసి యుంచిరి. వానిలో పేర్లు వేఱైనను మందు ఒకటే యైనవి యుండునని నా యనుమానము. ఈ ఆదివారము ఆ డబ్బా ముందు పెట్టుకొని, ఒక్కొక్కటి చూచి, పట్టిక వ్రాసి, డాక్టరుగారికి చూపుము.

ఇట్లు,
మీ మామయ్య