తీతువు గూటికి దూరంగా

శ్రీకూర్మం,
ఫాల్గుణ మాసం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. కోకిలది చాలా బాగుంది. నల్లగా నిగనిగలాడే మగపక్షిని అందరూ తీస్తారు, నువ్వు ఆడదాన్ని పట్టుకున్నావు. పాడేది మగది కాబట్టి, గోధుమరంగు ఒంటిమీద తెల్లచుక్కలున్న ఈ ఆడపక్షి మీద ఎవరి చూపూ పడదు. కాకి గూడు ఎక్కడుందా అని ఆకుల్లో నక్కి కూర్చుంటుంది. ఎంత ఓపిక పట్టావో తెలుస్తోంది.

తీతువు గుడ్ల ఫొటో చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. మినుములు తీసేసిన చేలో చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, మొనలు లోపలికి పెట్టుకున్న నాలుగు గుడ్లు. గుడ్ల మీది నల్లమచ్చలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. అంటే నువ్వు వాటి పక్కనే కూర్చున్నావు. నువ్వక్కడ ఉన్నంతసేపూ ఆ జంట నీ తలమీద అరుస్తూ తిరిగి ఉంటుంది, గుడ్లేమో ఎండలో మాడి ఉంటాయి. పైగా కాకి మహా తెలివైంది. మనిషి ఎక్కడ వంగి చూశాడో గుర్తుపెట్టుకుని, వాడు అటు వెళ్లగానే ఇటు దిగుతుంది.

ఈసారి గట్టుమీద తాటిచెట్టు నీడన కూర్చుని బైనాక్యులర్స్‌లో చూడు. కదలకుండా కూర్చుంటే కాసేపటికి అరుపులు ఆగిపోతాయి. ఎండ ముదిరే వేళకి ఒక పక్షి నీళ్ల దగ్గరికి పోతుంది. పొట్టకింది ఈకలు బాగా తడిసేదాకా నీళ్లలో కూర్చుని, తిరిగొచ్చి ఆ తడి పొట్టతో గుడ్ల మీద వాలుతుంది. అలా గుడ్లని చల్లబరుచుకుంటాయి. రెండూ వంతులవారీగా దాదాపు నాలుగు వారాలు పొదగాలి. తీతువు కూత అపశకునమని మన పెద్దవాళ్లు భయపడేవారు గానీ, గుడ్లు పొదిగే ఈ కాలంలో అది అంతలా అరిచేది గూటి దగ్గరికి మనిషో కుక్కో వచ్చినప్పుడే.

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్తానన్నావుగా, ఆలస్యం చెయ్యకు. చలికాలానికి ముందే వచ్చి చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఎండలు ముదిరితే పిల్లలతో సహా వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి మాత్రం ఇప్పుడు వెళ్లొద్దు. అక్కడి నత్తగుల్ల కొంగలు వానలతోపాటు వస్తాయి.

కళింగపట్నం తీరానికి రాత్రిపూట స్నేహితులతో పోదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫోన్ లైటు పడితే గట్టెక్కుతున్న తల్లి గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోవచ్చు. పుట్టిన పిల్లలు వెలుతురున్న వైపే నడుస్తాయి కాబట్టి మన లైట్లు చూసి సముద్రానికి బదులు రోడ్డెక్కుతాయి. కూర్మనాథుడికి దణ్ణం పెట్టుకుని, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లని చూస్తూ పెరిగినవాడివి. ఒడ్డున ఆ తల్లికి చీకటిని మిగల్చడం నీకు కష్టమేమీ కాదు. చూడాలనే ఉంటే అటవీశాఖ వాళ్లని అడిగి, వాళ్ల వెంట వెళ్లు.

ఒక నోటుబుక్కు పెట్టుకో. తేదీ, వేళ, చోటు, ఎన్ని పక్షులు, అవి ఏం చేస్తున్నాయి, అన్నీ రాయి. పేరు తెలియకపోతే ముక్కు, కాళ్ల రంగు రాసుకో, పేరు తర్వాత వెతుక్కోవచ్చు. గూడు ఉన్న చోటు మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకు.

ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా వచ్చెయ్. తీతువు గుడ్లున్న ఆ చేను ఎవరిదో కనుక్కుందాం. పిల్లలు బయటికొచ్చేదాకా ఆ మూలకి ట్రాక్టరు పోనివ్వొద్దని అడగాలి. రైతుతో నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ మామయ్య