ఎగ్జిమా అంటుకోదు

తరగతిలో ఎవరికైనా మోచేతి మడతల్లో ఎర్రటి మచ్చలు కనబడితే గజ్జి అనో, తామర అనో కొందరు దూరంగా జరుగుతారు. గజ్జి కంటికి కనబడని చిన్న పురుగు వల్ల, తామర శిలీంధ్రం వల్ల వస్తాయి. ఆ రెండూ అంటుకుంటాయి. ఎగ్జిమా మాత్రం అంటుకోదు. కనుక పక్కన కూర్చోవచ్చు, కలిసి ఆడుకోవచ్చు.

మన చర్మపు పై పొర ఇటుకల గోడ లాంటిది. కణాలు ఇటుకలైతే, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థం సిమెంటు. ఎగ్జిమా ఉన్నవారిలో ఈ గోడ బీటలు వారుతుంది. తేమ బయటికి పోతుంది. దుమ్ము, సబ్బు లోపలికి చేరి దురద పుట్టిస్తాయి. గోడకు బలమిచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం కొందరిలో దీనికి కారణమని 2006లో శాస్త్రవేత్తలు తెలిపారు.

బదిలీలతో మనకు ఊరే కాదు, వాతావరణమూ మారుతుంది. విశాఖపట్నం తేమగాలిలో బాగున్న చర్మం ఢిల్లీ చలికాలంలో పొడిబారవచ్చు. అందుకని గోరువెచ్చని నీటితో త్వరగా స్నానం ముగించి, తువ్వాలుతో మెత్తగా అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గాని, వాసన లేని క్రీము గాని రాయాలి. ఆవనూనె వద్దు. చిట్లిన చర్మంపై పసుపు, వేపాకు ముద్ద పూస్తే మంట పెరగవచ్చు. నూలు బట్టలు ధరించాలి, గోళ్లు కత్తిరించుకోవాలి.

పాలు, గుడ్డు, వేరుశనగ కొందరికే పడవు. అందరూ మానేస్తే ఎదిగే వయసులో పోషణ తగ్గుతుంది. డాక్టరు పరీక్షించి చెబితేనే మానాలి. ఈ జాగ్రత్తలు మందుకు తోడే గాని, మందుకు బదులు కావు. ఊరు మారేటప్పుడు టీసీతో పాటు మందుల చీటీ కూడా భద్రంగా తీసుకువెళ్లాలి.