పైరు భాగములను పేరుపెట్టి చెప్పుట

పశువునకు జబ్బు చేసినప్పుడు గిట్టకో పొదుగునకో చెప్పక వైద్యుని యొద్దకు ఎవరును పోరు. పైరు విషయమున మాత్రము మనలో పెక్కురు "ఆకు ఎండినది, మందు కావలెను" అని యూరకుందురు. ఇందువలన మందు తప్పును, సొమ్ము వ్యర్థమగును, అదను దాటిపోవును. కావున సభ్యుల యుపయోగార్థము కొన్ని పేళ్లను ఇచ్చట వివరించుచున్నాము.

వరి: దుబ్బులో తల్లిమొక్క ప్రక్కలనుండి వచ్చునవి పిలకలు. పిలక నడుమ చుట్టుకొని పైకి వచ్చు లేతయాకు మొవ్వు. తెలంగాణమున దీనిని మొగి యందురు. కంకి ఆకుతొడుగులో దాగియున్న దశ పొట్ట. ఎండినది ఆకు కొనయా, అంచా, మొవ్వా యని మొదట చూడవలెను. మొవ్వు మాత్రమే యెండి, పట్టి లాగగానే ఊడివచ్చినచో అది కాండము తొలుచు పురుగు పని. లేతపైరైనచో క్రొత్తపిలకలు వేసి కొంత నష్టమును పూడ్చుకొనగలదు. అదే పురుగు పొట్టదశలో పడినచో తాలుగింజలతో తెల్లకంకి వెలువడును. ఆ కంకిని మరల బాగుచేయు మందు లేదు. కావున "మొవ్వు ఎండుచున్నది" అను మాట సకాలమున వచ్చుట ముఖ్యము.

కొబ్బరి: వరికి పిలకలు గలవు, కొబ్బరిచెట్టునకు ఉన్నది ఒక్కటే మొవ్వు. అడుగుమట్ట ముదిరి రాలుట సహజము. నడిమి మొవ్వాకు వాడి, లాగిన ఊడి, దుర్గంధము వచ్చినచో అది మొవ్వుకుళ్లు. ఉపేక్షించినచో చెట్టే పోవును. మట్టకును మొవ్వునకును గల భేదము చెట్టు ప్రాణమంత భేదము.

చెరకు: గడపై ముడివలె నుండునది కణుపు. కణుపునొద్ద మొలకెత్తు మొగ్గ కన్ను. నాటుటకు నరికిన తునక ముచ్చె. మూడుకన్నుల ముచ్చెలు వేయి యనగా మూడువేల కన్నులు. విత్తనము కోరునప్పుడు "వేయి" అని మాత్రమే వ్రాసినచో, కోరినవాడొకటియు పంపువాడొకటియు తలచి తగవు పుట్టును.

వేరుసెనగ: పేరులో వేరున్నను కాయ వేరునకు కాయదు. పువ్వు నేలపైన పూచును. పిమ్మట పూచినచోటినుండి ఊడ దిగి, నేలలో చొచ్చి, దాని కొన కాయయగును. కావున ఊడలు దిగువేళ నేల గుల్లగా నుండవలెను. దిగిన పిమ్మట మొదళ్లను కదల్చి కలుపు తీయరాదు. ఇక వేరుపై కనబడు చిన్న బుడిపెలు తెగులు గావు. గాలిలోని నత్రజనిని పైరునకు అందించు సూక్ష్మజీవుల నివాసములు.

ఊరూరను పేళ్లు మారుట కద్దు. మీ యూరి పేరే వ్రాయుడు, దోషము లేదు. ఒక భాగమును మఱియొక భాగముగా చెప్పుటయే దోషము. పైరునకు కీడు కనబడినప్పుడు ఏ భాగమునకు, ఏ రంగున, నాటిన యెన్నవ దినమున వచ్చినదో వ్రాసికొని, వేళ్లతో పెరికిన మొక్క నొకదానిని వెంటగొని సంఘమునకు రండు. సరియైన మాట ముందు వచ్చినచో సరియైన మందు వెనుక వచ్చును.